పేకముక్కల ఫోర్సింగ్: క్లాసిక్ ఫోర్స్‌తోనే మొదలుపెట్టాలా?

కళావరు ఏడు (మారతహళ్లి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. బల్లకు ఎదురుగా కూర్చోబెట్టి నలుగురైదుగురికి చూపించే పేకముక్కల ఇంద్రజాలం నేర్చుకుంటున్నాను. డబుల్ లిఫ్ట్ (రెండు ముక్కలను ఒకటిగా ఎత్తి చూపడం), దొంగ కలపడం (కలిపినట్టు కనిపించినా వరుస మారకుండా ఉంచడం), ముక్కను పైకి తెచ్చుకోవడం చేతికి అలవాటయ్యాయి. ఇప్పుడు ఫోర్సింగ్ దగ్గరికి వచ్చాను. మనం ముందే అనుకున్న ముక్కనే ఎదుటివారు తీసుకోవాలి, అయినా అది తమ ఇష్టంతో తీసుకున్నదేనని వారికి అనిపించాలి. ఏ పద్ధతితో మొదలుపెట్టాలని అడిగితే రెండు సమాధానాలు వచ్చాయి. విసనకర్రలా పరచి చేతికందించే క్లాసిక్ ఫోర్స్ రానివాడికి ఫోర్సింగ్ రానట్టేనని కొందరు చెప్పారు. దాన్ని చివరికి ఉంచుకుని, తప్పిపోయే వీలే లేని పద్ధతులు ముందు పట్టుకోమని మరికొందరు చెప్పారు.

ఇంకొక సందేహం కూడా ఉంది. మన వారిలో చాలామంది చిన్నప్పటి నుంచి పెళ్లిళ్లలో, పండుగలకు రమ్మీ ఆడినవారే. కట్ట ఎవరి చేతిలో ఎలా కదులుతుందో వారి కళ్లకు బాగా తెలుసు. అటువంటివారి ముందు ఈ పద్ధతులు నిలబడతాయా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

బసవనగుడి పేక:

మంచి ప్రశ్న వేశారు. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. క్రాస్ కట్ ఫోర్స్‌తో మొదలుపెట్టండి. అందులో చేతి పని దాదాపు ఏమీ లేదు కాబట్టి, ఫోర్సింగ్‌లో అసలు కష్టం ఎక్కడుందో అది మీకు సూటిగా చూపిస్తుంది.

మీకు కావలసిన ముక్క కట్టలో అన్నిటికంటే పైన ఉంటుంది. కట్టను బల్ల మీద పెట్టి, ఎక్కడ కావాలంటే అక్కడ కోయమని ఎదుటివారికి చెబుతారు. వారు పై భాగాన్ని తీసి పక్కన పెడతారు. మిగిలిన కింది భాగాన్ని మీరు తీసుకుని, వారు పెట్టిన భాగం మీద అడ్డంగా ఉంచి, ‘మీరు కోసిన చోటు గుర్తుండేలా ఇలా పెడుతున్నాను’ అంటారు. తరువాత అడ్డంగా ఉన్న భాగాన్ని ఎత్తి, దాని కింద కనిపించే ముక్కను చూడమంటారు. అది మొదటి నుంచీ పైన ఉన్న ముక్కే. కోసిన చోటికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

కాగితం మీద చదివితే ఇది చిన్నపిల్లలు కూడా పట్టేసేలా కనిపిస్తుంది. అడ్డంగా పెట్టిన మరుక్షణమే ఎత్తితే నిజంగానే పట్టేస్తారు. పెట్టడానికీ ఎత్తడానికీ మధ్య ఉండే వ్యవధే ఈ పద్ధతికి ప్రాణం. ఆ వ్యవధిలో మీ చూపు కట్ట మీద ఉండకూడదు. మీరు కట్టను చూస్తే వారూ కట్టనే చూస్తారు. తల ఎత్తి, వారి కళ్లలోకి చూస్తూ, సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఒకటి అడగండి. ‘ఇంకొంచెం పైన కోసి ఉండవచ్చు, ఇంకొంచెం కింద కోసి ఉండవచ్చు, అక్కడే ఎందుకు ఆపారు?’ అనే ప్రశ్న నాకు చాలా ఇష్టం. దానికి జవాబు వెతుక్కుంటూ వారు తాము కోసిన క్షణాన్ని గుర్తు చేసుకుంటారు. ఏ భాగం ఏదన్న లెక్క ఆ ఆలోచనలో చెదిరిపోతుంది, తాము స్వేచ్ఛగా కోశామన్న జ్ఞాపకం మాత్రం గట్టిపడుతుంది. మీరు మళ్లీ కట్ట వైపు చేయి చాపేసరికి వారి మనసులో మిగిలేది ‘నేను కోసిన చోటు’ అన్న మాట ఒక్కటే.

ఇంకొక సూక్ష్మం ఉంది. అడ్డంగా ఉన్న భాగాన్ని ఎత్తేటప్పుడు ‘ఇదిగో మీ ముక్క’ అనకండి, ‘మీరు కోసిన చోటు’ అనండి. ఎత్తిన భాగాన్ని అదే కదలికలో మరో పక్కకు జరిపేయండి. వెనక్కి లెక్కపెట్టుకునే అవకాశం మిగలదు.

ఇది పట్టుబడితే మిగతా పద్ధతులన్నిటిలోనూ చూపును, మాటను, వ్యవధిని ఎలా వాడుకోవాలో మీకే తెలుస్తుంది.

ఇస్పేటు రాణి (జయనగర్):

బసవనగుడి పేక గారు క్రాస్ కట్ గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. అయితే క్లాసిక్ ఫోర్స్‌ను చివరికి నెట్టేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. దాన్ని గదిలో ఒంటరిగా సాధన చేసి నేర్చుకోవడం కుదరదు. అద్దం ముందు వేళ్ల పని చూసుకోవచ్చు, కానీ అద్దం చేయి చాపి ముక్క తీసుకోదు కదా. అందువల్ల ఎంత తొందరగా మొదలుపెడితే అన్ని చేతులను చదివే అవకాశం దొరుకుతుంది.

దగ్గర నుంచి చూస్తే అందులో జరిగేది ఇది. కావలసిన ముక్క కట్ట మధ్యలో ఉంటుంది, దాని పైన చిటికెనవేలి కొసతో సన్నని బ్రేక్, అంటే ముక్కల మధ్య చిన్న ఎడం, పట్టుకుంటారు. ఎడమ బొటనవేలు ముక్కలను ఒక్కొక్కటిగా కుడిచేతి వైపు తోస్తుంది. ‘ఒక ముక్క తీసుకోండి’ అన్న మాట ముందు రావాలి, ఎదుటివారి చేయి లేవాలి, ఆ తరువాతే పరవడం ఊపందుకోవాలి. చేయి దారిలో ఉండగా మధ్య ముక్కలు ఇంకా కదులుతూనే ఉంటాయి. వేళ్లు తెరుచుకుని ముక్కల మీదికి దిగే క్షణానికి మన ముక్క సరిగ్గా ఆ వేళ్ల మధ్యకు చేరుతుంది. పక్క ముక్కలకంటే దాని అంచు ఒక్క నూలు ఎక్కువగా బయటికి కనిపిస్తే చాలు, అంతకంటే ఎక్కువ కనిపిస్తే అనుమానం వస్తుంది. వేళ్లు ఇంకా దూరంగా ఉంటే పరవడం నెమ్మదిస్తుంది, తొందరపడి ముందే వచ్చేస్తే వేగం పెరుగుతుంది. చేతులు రెండూ ఆగిపోయి, ముక్క మాత్రం ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే ఎంత అమాయకుడైనా పక్కనున్న ముక్కనే తీసుకుంటాడు.

సాధనకు ఒక మార్గం చెబుతాను. ఏ ముక్క తీసుకున్నా ఫరవాలేని గారడీ చేస్తున్నప్పుడే క్లాసిక్ ఫోర్స్ ప్రయత్నించండి. మీరు ముక్కను తీయించి, కట్టలో పెట్టించి, పైకి తెచ్చుకుని, వారి జేబులోంచి తీసే గారడీ చేస్తారనుకుందాం. అందులో ఏ ముక్క అయినా సరిపోతుంది. ఆ తీయించే ఘట్టంలో ప్రతిసారీ ఒక నిర్దిష్టమైన ముక్కను అందించడానికి ప్రయత్నించండి. కుదిరిందా, అది ఏదో మీకు ముందే తెలుసు కాబట్టి గారడీ ఇంకా బలంగా ముగించవచ్చు. కుదరలేదా, ఎవరికీ ఏమీ తెలియదు. మీ మనసులో భయం ఉండదు, మీ చేతిలో బిగువు ఉండదు. ఆ బిగువే క్లాసిక్ ఫోర్స్‌ను పాడుచేసేది.

వేదిక వెనుక (వైట్‌ఫీల్డ్):

నేను కార్యాలయాల వేడుకల్లో బల్లల మధ్య తిరుగుతూ ప్రదర్శనలు ఇస్తాను కాబట్టి రమ్మీ గురించిన సందేహానికి నా వంతుగా జవాబు చెబుతాను.

రమ్మీ ఆడేవారు కట్టను ఎలా కలుపుతారో గమనించండి. ఎడమచేతిలోకి పై నుంచి చిన్నచిన్న గుత్తులుగా లాగి పడేస్తూ కలుపుతారు. మన ఇళ్లలో అందరూ కలిపేది అలాగే. పాశ్చాత్య ఇంద్రజాలికులు దానికి హిందూ షఫుల్ అని పేరు పెట్టారు. రెండు సగాలను బొటనవేళ్లతో టపటపలాడించి కలిపితే మన వారికి వెంటనే జూదగాడు గుర్తుకు వస్తాడు, ఆ క్షణం నుంచి వారి చూపు మీ వేళ్ల మీద అతుక్కుపోతుంది. ఇంట్లో కలిపినట్టు కలిపితే ఎవరూ పట్టించుకోరు. అందువల్ల మన ఊళ్లో హిందూ షఫుల్ ఫోర్స్‌కు ఉన్న బలం మరో దానికి లేదని నా గట్టి నమ్మకం. కావలసిన ముక్క కట్ట అడుగున ఉంటుంది. పై నుంచి గుత్తులు లాగుతూ పోతారు, ఎదుటివారు ఆపమన్న చోట ఆగి, కుడిచేతిలో మిగిలిన భాగాన్ని పైకెత్తి దాని అడుగు ముక్క చూపిస్తారు. ఎక్కడ ఆపినా ఆ అడుగు ముక్క మారదు. ఇక్కడ జాగ్రత్త పడవలసినది లయ గురించే. ఆపమనగానే ఆగాలి, మరొక గుత్తి పడకూడదు. ఒక్క గుత్తి అదనంగా పడినా తమ మాట చెల్లలేదన్న భావం వారిలో కలుగుతుంది, ఇక ముక్క ఏదైనా నమ్మరు.

నిలబడి ఉన్న జనం మధ్య, బల్ల లేని చోట, బాల్డుచ్చి పద్ధతి నాకు ఇష్టం. అందులో ముక్క పైన ఉంటుంది. కట్ట మీ అరచేతిలోనే ఉంటుంది. కొన్ని ముక్కలు ఎత్తి, ముఖం పైకి వచ్చేలా తిప్పి, తిరిగి కట్ట మీదే పెట్టమంటారు. ‘ఇప్పుడు ఇంకా లోతుగా కోసి, మొత్తం తిప్పి పెట్టండి’ అంటారు. తరువాత పరిచి, ముఖం కనిపించే ముక్కలన్నీ దాటాక వచ్చే మొదటి బోర్లా ముక్కను తీసుకోమంటారు. అది మొదట పైన ఉన్నదే. కోసింది వారు, తిప్పింది వారు, మీరు చేయి చాపింది కట్ట పట్టుకోవడానికే. రమ్మీ బాగా ఆడేవారికి కూడా ఇందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

కట్ట గురించి కూడా ఒక మాట చెప్పాలి. పూర్తి ప్లాస్టిక్ ముక్కలు క్లాసిక్ ఫోర్స్‌కు పనికిరావు, అవి వేళ్ల కింద అదుపు లేకుండా జారిపోతాయి. చాలా వాడిన కాగితపు ముక్కలు గుంపులుగా అంటుకుంటాయి, సమంగా పరచుకోవు. బైసికిల్ బ్రాండు వంటి కాగితపు కట్ట కొత్తది తీసి, కొంచెం ఆడి చేతికి మెత్తబడనిచ్చి వాడండి. పేకల్లో రెండు వెడల్పులు దొరుకుతాయి, పోకర్ ముక్క రెండున్నర అంగుళాలు, బ్రిడ్జ్ ముక్క రెండుంబావు. చిన్న చేయి ఉన్నవారికి రెండోది సుఖంగా ఉంటుంది.

గణాంకం (ఇందిరానగర్):

ఈ విషయాన్ని మనస్తత్వ శాస్త్రం ఎలా చూసిందో రాస్తాను, ఎందుకంటే పై వాదనలకు అది నేరుగా సంబంధించినది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఇంద్రజాలికుడు కట్టను ఎదుటివారి ముఖం ముందు గబగబా తిప్పుతూ, ఒక ముక్కను మాత్రం మిగతావాటికంటే కాస్త ఎక్కువసేపు కనిపించనిచ్చి, ఒక ముక్కను మనసులో అనుకోమంటాడు. 98 శాతం సార్లు ఆ ముక్కనే అనుకున్నారు. తమ మీద ప్రభావం పడిందని గమనించినవారు 9 శాతమే.

రెండో వైపు కూడా చూడాలి. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కళాశాల పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మాటలతో, చేతి సైగలతో మాత్రమే డైమను మూడును మనసులో నాటడానికి ప్రయత్నించారు. దాదాపు 18 శాతం మంది సరిగ్గా డైమను మూడునే చెప్పారు, దాదాపు 39 శాతం మంది ఏదో ఒక మూడు చెప్పారు. 52 ముక్కల్లో ఒకటి యాదృచ్ఛికంగా తగిలే అవకాశం 2 శాతం కూడా లేదు కాబట్టి ఇది శాస్త్రానికి పెద్ద ఫలితమే. ప్రదర్శనకు మాత్రం ఐదుగురిలో నలుగురి దగ్గర గురి తప్పే ఆయుధం ఇది. వరుసగా నాలుగు ముక్కలు పరచి ఒకటి ముందుకు తోయమంటే ఎడమ నుంచి మూడోదాన్ని దాదాపు 60 శాతం మంది తోస్తారని కూడా అదే బృందం చూపింది. ఇలాంటి మానసిక పద్ధతులను అదనపు వన్నెగా వాడుకోవచ్చు గాని, వాటి మీద మొత్తం గారడీని నిలబెట్టకూడదు.

కళావరు ఏడు:

అందరికీ ధన్యవాదాలు. గణాంకం గారు చెప్పిన నాలుగు ముక్కల ప్రయోగం చదివాక ఒక ప్రశ్న వచ్చింది. వారు మూడోది కాక మరొకటి తోస్తే, మాటలతో దారి మళ్లించే పద్ధతి ఉందంటారు కదా, ఈక్వివోక్ అని. దాన్ని తెలుగులో చేసేవారు ఎవరైనా ఉంటే, ఏ మాటలు వాడతారో చెప్పగలరా?

ఇస్పేటు రాణి:

నేను తరచుగా చేసేది అదే. నాలుగు ముక్కలు బోర్లా ఉన్నాయనుకుందాం, వాటిలో మీకు కావలసినది ఒకటి. ‘ఏవైనా రెండింటి మీద చేతులు పెట్టండి’ అంటాను. మన ముక్క ఆ చేతుల కింద ఉంటే, ‘మంచిది, ఆ రెండూ మీవి’ అంటూ మిగిలిన రెండూ తీసేస్తాను. లేకపోతే, ‘మంచిది, ఆ రెండూ పక్కకు జరిపేయండి’ అంటాను. మిగిలిన రెంటిలో, ‘ఒకటి నాకివ్వండి’ అంటాను. మన ముక్క నా చేతికి వస్తే, ‘మీరు నాకిచ్చినది ఇదే’ అంటూ దాన్ని వారి ముందు ఒంటరిగా పెడతాను. రెండోది వస్తే దాన్ని తీసేసిన వాటితో కలిపి, ‘మీరు మీ దగ్గర ఉంచుకున్నది ఒక్కటే’ అంటాను.

‘ఎంచుకోండి’, ‘ఎన్నుకోండి’ అన్న మాటలు ఇందులో ఎక్కడా రాకూడదు. ఒకసారి ఎంచుకోమన్నాక, ఎంచుకున్నదాన్ని తీసి పారేయలేము. చేయి పెట్టడం, ఇవ్వడం, జరపడం వంటి పనులకు ముందుగా అర్థం లేదు, అర్థం తరువాత మనం ఇస్తాము. వారి చేయి ఎక్కడ పడినా మీ మాట అదే వేగంతో, అదే స్వరంతో రావాలి. కావలసినది దొరికినప్పుడు వెంటనే, దొరకనప్పుడు ఒక క్షణం ఆలోచించి మాట్లాడేవారిని ప్రేక్షకులు ఇట్టే గుర్తుపడతారు. అందుకే రెండు దారుల మాటలనూ నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నోటికి పట్టించుకోవాలి.

బెంగళూరులో ఇంకొక చిక్కు ఉంది. బల్ల దగ్గర ఒకరు తెలుగు, ఒకరు కన్నడం, ఒకరు తమిళం మాట్లాడేవారు ఉంటారు. ఈ ఘట్టం నడిచినంత సేపూ ఒకే భాషలో ఉండండి. ఒక్కో సూచననూ రెండు భాషల్లో చెబితే అది రెండుసార్లు వినిపిస్తుంది, దాని డొల్లతనం బయటపడుతుంది. సహకరించే వ్యక్తి భాషలో మాత్రమే మాట్లాడి, మిగతావారిని చేతి సైగతో వెంట తీసుకెళ్లండి. ఒకే బృందానికి దీన్ని రెండోసారి ఎన్నడూ చేయకండి.

ఆఠీను ఆసు (యలహంక):

మన్నించాలి, చర్చను అడ్డుకోవాలని కాదు. ఇన్ని రహస్యాలను అందరూ చదివే చోట రాయడం సబబేనా? పైగా ఫోర్సింగ్‌నే వాడుకుని, మీ మనసులోది చెబుతాను, మీ జాతకం చెబుతాను అంటూ డబ్బు గుంజేవారు కూడా ఉన్నారు.

బసవనగుడి పేక:

న్యాయమైన ప్రశ్నే. ముక్కను ఫోర్స్ చేయడం ఎలాగో ప్రొఫెసర్ హాఫ్‌మన్ 1876లోనే పుస్తకంలో వివరించారు. థియో అన్నెమాన్ 1933లో 202 ఫోర్సింగ్ పద్ధతులతో ఒక పుస్తకమే తెచ్చారు. తెలుసుకోవాలనుకునేవారికి ఈ తలుపు చాలాకాలంగా తెరిచే ఉంది. ఆసక్తితో వెతుక్కుంటూ వచ్చినవారికి చెప్పడం వేరు, గారడీ చూసి ఆనందిస్తున్న మనిషికి అడగకుండానే గుట్టు విప్పడం వేరు. రెండోది చేయకూడదని నేనూ అంటాను.

మీ రెండో మాట మరింత ముఖ్యమైనది. భవిష్యత్తు ముందే రాసిపెట్టానని చూపించే గారడీలన్నిటికీ ఫోర్సింగే పునాది కాబట్టి, చూసినవారిలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి, తమ ఇంటి సమస్య చెప్పుకుని, ఏం చేయమంటారని అడుగుతారు. వారికి ‘ఇది సాధనతో వచ్చిన కళ, నాకు ఏ శక్తీ లేదు’ అని అక్కడికక్కడే స్పష్టంగా చెప్పాలి. పద్ధతి చెప్పనక్కరలేదు, అబద్ధం మాత్రం నిలబెట్టకూడదు. ఈ విషయంలో నాకు మినహాయింపులు లేవు.

గణాంకం:

అసలు విషయానికి వస్తే, ఎదుటివారు ముక్క తీసుకున్నాక ‘మార్చుకుంటారా?’ అని అడగడం గురించి మీ అభిప్రాయం ఏమిటి? అలా అడిగితే స్వేచ్ఛ ఉన్నదన్న భావం పెరుగుతుందని నాకు అనిపిస్తుంది.

వేదిక వెనుక:

పెరుగుతుంది, కానీ మార్చుకుంటానంటే మార్చనివ్వగలిగినప్పుడే అడగాలి. క్లాసిక్ ఫోర్స్‌లో ముక్క ఇంకా పూర్తిగా బయటికి రాకముందు, వారి వేళ్లు దాని మీద ఉండగా, ‘ఇదేనా, మనసు మార్చుకుంటారా?’ అని అడగవచ్చు. చాలామంది వద్దనే అంటారు. మార్చుకుంటామన్నవారికి సంతోషంగా మార్చనిచ్చి, ఇస్పేటు రాణి గారు చెప్పినట్టు ఏ ముక్కకైనా సరిపోయే గారడీలోకి వెళ్లిపోవాలి. అందువల్ల క్లాసిక్ ఫోర్స్ చేసేవారి జేబులో ఎప్పుడూ రెండో ముగింపు ఒకటి ఉండాలి. ఆ ధైర్యం ఉన్నప్పుడే చేయి తేలికగా కదులుతుంది. కవరులో మూసిపెట్టిన చీటీలో ఒకే ముక్క పేరు రాసి ఉంటే, తప్పితే దారి లేకపోతే, అప్పుడు మాత్రం హిందూ షఫుల్ గాని, బాల్డుచ్చి గాని వాడండి.

కళావరు ఏడు:

నాకు దారి స్పష్టమైంది. గారడీ ఒకే ముక్క మీద ఆధారపడినప్పుడు క్రాస్ కట్, హిందూ షఫుల్. ఏ ముక్క అయినా సరిపోయినప్పుడు క్లాసిక్ ఫోర్స్ సాధన. రెండూ ఒకే వారం నుంచి మొదలుపెడతాను. చివరిగా ఒక్క సందేహం. క్రాస్ కట్‌లో నేను మాట్లాడుతూ ఉండగానే ఎదుటివారు తొందరపడి తామే చేయి చాపి, అడ్డంగా ఉన్న భాగాన్ని ఎత్తి, దాని అడుగు ముక్కను చూసుకుంటే ఏం చేయాలి?

బసవనగుడి పేక:

అందుకు సిద్ధంగా ఉండటం సులువే. అడ్డంగా పెట్టిన భాగం అడుగు ముక్క అంటే మొదట కట్ట అడుగున ఉన్న ముక్కే. కాబట్టి గారడీ మొదలుపెట్టే ముందు పై ముక్కతో పాటు అడుగు ముక్క కూడా చూసి గుర్తుపెట్టుకోండి. వారు దాన్నే చూసుకుంటే, చీటీ సంగతి ఎత్తకుండా, వారి కళ్లలోకి చూస్తూ ఆ ముక్క పేరు నెమ్మదిగా రంగు, జాతి, అంకె వరుసలో చెప్పండి. అలా తొందరపడకుండా ఉండాలంటే, మీరు ప్రశ్న అడిగేటప్పుడు ఎడమచేతి వేళ్లను కట్టకు జానెడు దూరంలో బల్ల మీద ఆనించి ఉంచండి. అక్కడ మీ చేయి ఉండగా వారు సాధారణంగా చేయి చాపరు. ఆదివారం ఉదయం కబ్బన్ పార్కుకు కట్ట తీసుకురండి, ఆ చేయి ఎక్కడ ఉండాలో కూర్చుని చూద్దాం.